పద్దులో చేరని పేరు: 'ఘోస్ట్‌బస్టర్స్' చలనచిత్రం నుంచి ఇంటి కంప్యూటర్ ఆటకు జరిగిన అనుసరణ - పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక మాధ్యమంలోని కథ మరొక మాధ్యమంలోకి మారేటప్పుడు ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్న ప్రశ్న తెలుగు విమర్శకు కొత్తది కాదు. సంస్కృతం నుంచి తెలుగుకు, ద్విపద నుంచి పద్యప్రబంధానికి, నవల నుంచి చలనచిత్రానికి జరిగిన మార్పులను మన విమర్శ విస్తారంగా చర్చించింది. చలనచిత్రం నుంచి కంప్యూటర్ ఆటకు జరిగే మార్పు మీద మాత్రం తెలుగులో పరిశీలన తక్కువ. 1984లో వచ్చిన 'ఘోస్ట్‌బస్టర్స్' చలనచిత్రాన్ని అదే సంవత్సరం ఇంటి కంప్యూటర్ ఆటగా మలచిన తీరును ఈ వ్యాసం విశ్లేషిస్తుంది. ఆ ఆట చిత్రకథను తిరిగి చెప్పదు. కథ అడుగున ఉన్న వ్యాపారాన్ని జమాఖర్చుల రూపంలో ఆటగాడి చేతికి ఇస్తుంది. ఈ ఎంపిక ఔచిత్యాన్ని, ఆ పద్దులో చోటు దొరకని శ్రమను, జనగామ జిల్లా దేవరుప్పుల పరిసరాల కథనసంప్రదాయాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అనుసరణ, మాధ్యమం, ఇంటి కంప్యూటర్ ఆట, ఘోస్ట్‌బస్టర్స్, క్రియ, పద్దు, వెట్టి, కడవెండి, ద్విపద, ఒగ్గుకథ.

1. ఉపోద్ఘాతం

లిండా హచియన్ 2006లో వెలువరించిన అనుసరణ సిద్ధాంతగ్రంథంలో కథతో పాఠకునికి లేదా ప్రేక్షకునికి ఏర్పడే సంబంధాన్ని మూడు విధాలుగా విభజించారు. చెప్పడం, చూపడం, పాల్గొనడం అని వాటిని తెలుగులో వ్యవహరించవచ్చు. నవల చెబుతుంది. నాటకం, చలనచిత్రం చూపుతాయి. ఆట పాల్గొనమంటుంది. మొదటి రెండింటి మధ్య జరిగే మార్పులో మూలానికి విధేయత ఎంత అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. మూడవదానికి వచ్చేసరికి ఆ ప్రశ్న చాలదు. ఆటలో పాత్ర ఏం చేసిందన్నదానికంటే ఆటగాడు ఏం చేయగలడన్నది ముఖ్యమవుతుంది. అందువల్ల ఆట విమర్శలో మొదట గుర్తించవలసింది క్రియ: పరుగెత్తడం, కాల్చడం, కొనడం, పట్టడం, కట్టడం వంటివి. అనుసరణకర్త మూలకథలోని వందలాది క్రియల్లో నాలుగైదింటిని ఎన్నుకొంటాడు. ఆ ఎంపికే అతని వ్యాఖ్యానం.

ఇయాన్ బోగోస్ట్ 2007లో ప్రచురించిన గ్రంథంలో ఆటలు మాటల ద్వారా కాక నియమాల ద్వారా వాదిస్తాయని ప్రతిపాదించారు. దేనికి ప్రతిఫలం, దేనికి జరిమానా, దేనికి లెక్కే లేదు అన్నవాటిలో ఆ వాదన దాగి ఉంటుంది. హచియన్ విభజన, బోగోస్ట్ ప్రతిపాదన ఈ వ్యాసానికి విశ్లేషణసాధనాలు. అయితే మాధ్యమం మారినప్పుడు కథ మారడాన్ని అర్థం చేసుకోవడానికి వాటితోపాటు స్థానికమైన ఆధారాలూ ఉన్నాయి. ముందుగా వాటిని స్మరించడం అవసరం.

2. దేవరుప్పుల పరిసరాలు - అనుసరణ సంప్రదాయం

2016లో జిల్లాల పునర్విభజనతో దేవరుప్పుల మండలం కొత్తగా ఏర్పడిన జనగామ జిల్లాలో చేరింది. దాని పొరుగునే ఉన్న పాలకుర్తి మండలం ఇద్దరు మహాకవుల పేర్లతో ముడిపడి ఉంది. ఒకరు పాల్కురికి సోమనాథుడు, మరొకరు బమ్మెర పోతన. ఇద్దరూ అప్పటికే ప్రచారంలో ఉన్న కథలను కొత్త రూపంలోకి తెచ్చినవారే.

సోమనాథుడు శివభక్తుల కథలను 'బసవపురాణం'గా కూర్చడానికి ద్విపదను ఎన్నుకొన్నాడు. ద్విపదలో పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉంటాయి. చంపూకావ్యంలోని వృత్తవైవిధ్యం, వచనపు వెసులుబాటు దానికి లేవు. ఈ పరిమితిని ఆయన లోపంగా భావించలేదు. పాడుకోవడానికి, సామాన్యులు గుర్తుంచుకోవడానికి అనువైన రూపంగా స్వీకరించి, జానుతెనుగుకు ఆదరువు చేసుకొన్నాడు. ఆ తరువాత భీమకవి 1369లో బసవపురాణాన్ని కన్నడ షట్పదిలోకి తెచ్చాడు. పిడుపర్తి సోమన తెలుగులోనే పద్యప్రబంధంగా మలచాడు. ఒకే కథ మూడు ఛందోరూపాల్లో మూడు రకాల శ్రోతలను వెదుక్కొంది. పోతన భాగవతానువాదంలో సంస్కృతమూలంలో క్లుప్తంగా ఉన్న ఘట్టాలు భక్తిరసానికి అనుగుణంగా విస్తరించడం విమర్శకులందరికీ తెలిసిన విషయమే. ఇతివృత్తం రసానికి అననుకూలంగా ఉంటే కవి దానిని విడిచిపెట్టి, అనుకూలమైన కథాంశాన్ని కల్పించుకోవచ్చునని ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతం ఇచ్చిన అనుమతికి ఇటువంటి ఘట్టాలు లక్ష్యాలు.

ఈ ప్రాంతపు ప్రదర్శనకళలు ఈ చర్చకు మరింత దగ్గరివి. జనగామ ప్రాంతంలోని మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య వంటి కళాకారుల ద్వారా ప్రసిద్ధమైన ఒగ్గుకథలో ప్రధానకథకుడు ఒక్క క్షణం కథ చెబుతాడు, మరుక్షణం పాత్ర అవుతాడు. డోలు, తాళం, వంతపలికేవారు అతనికి తోడు. అంటే 'చెప్పడం', 'చూపడం' అన్న విభజన అక్కడ గోడలా నిలబడదు. చేర్యాల నకాశీపటం మీద కథ గడులుగా చీలి ఉంటుంది. కథకుడు పటాన్ని విప్పుతూ గడి తరువాత గడిని చూపుతాడు. పరిమితమైన స్థలంలో ఏ సన్నివేశానికి గడి కేటాయించాలో చిత్రకారుడు ముందే నిర్ణయించుకోవాలి. గడి దక్కని సన్నివేశం కథకుడి నోటిమాటగా మాత్రమే మిగులుతుంది. కంప్యూటర్ స్మృతిలో చోటు కోసం జరిగే పోటీని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే సమీపమైన ఉపమానం దొరకదు.

3. యంత్రం, గడువు, మూలం

ఐవాన్ రైట్‌మన్ దర్శకత్వం వహించిన 'ఘోస్ట్‌బస్టర్స్' 1984 జూన్‌లో విడుదలైంది. డాన్ ఐక్రాయిడ్, హెరాల్డ్ రామిస్ కథనం సమకూర్చారు. విశ్వవిద్యాలయం నుంచి వెళ్లగొట్టబడిన ముగ్గురు పరిశోధకులు న్యూయార్క్ నగరంలో దయ్యాలను పట్టే వ్యాపారం ప్రారంభించడం, చివరికి జూల్ అనే శక్తికి ఆవాసమైన భవనశిఖరం మీద నగరాన్ని కాపాడడం ఇందులోని ఇతివృత్తం. హాస్యం, భయానకం కలగలిసిన ఈ చిత్రానికి పరిశోధకుల నిరుద్యోగమే బీజం. గ్రాంటు పోయిన పండితుడు తన విద్యను అంగడిలో పెట్టడం ఇందులోని అసలు హాస్యం.

యాక్టివిజన్ సంస్థ కోసం దీనిని ఆటగా మలచినవాడు డేవిడ్ క్రేన్. అప్పటికే 1982లో 'పిట్‌ఫాల్' ఆటతో అతను ప్రసిద్ధుడు. వాహనానికి పరికరాలు అమర్చుకొని నగరంలో తిరిగే మరొక ఆట మీద అతను అప్పటికే పనిచేస్తున్నాడు. ఆ పునాదినే కొత్త అవసరానికి మళ్లించి, సుమారు ఆరు వారాల్లో పని ముగించాడు. ప్రధానంగా ఉద్దేశించిన యంత్రం కమడోర్ 64. దాని స్మృతి 64 కిలోబైట్లు. మూడు స్వరాలను ఏకకాలంలో పలికించే ధ్వనిచిప్ దానికి ప్రత్యేకత. తరువాత ఈ ఆట 48 కిలోబైట్ల స్పెక్ట్రమ్ వంటి ఇతర యంత్రాలకూ వెళ్లింది.

గడువుకు తలవంచిన అనుసరణలు ఎలా ముగుస్తాయో చెప్పడానికి రెండేళ్ల ముందరి 'ఈ.టీ.' ఆటను విమర్శకులు తరచుగా ఉదాహరిస్తారు. అటారి 2600 యంత్రం కోసం హోవర్డ్ స్కాట్ వార్షా దానిని దాదాపు ఐదు వారాల్లో తయారు చేశాడు. అమ్ముడుపోని కార్ట్రిడ్జ్‌లను 1983లో న్యూ మెక్సికోలోని అలమగోర్డో వద్ద పూడ్చారు. 2014లో జరిగిన తవ్వకంలో అవి బయటపడ్డాయి. రెండు ఆటలకూ గడువు దాదాపు సమానమే. అయితే 'ఈ.టీ.'లో ఆటగాడు ఎక్కువసేపు చేసే పని గోతుల్లో పడి పైకి లేవడం. మూలచిత్రంలోని అనురాగానికి ఆ క్రియతో సంబంధం లేదు. 'ఘోస్ట్‌బస్టర్స్'కు దొరికిన క్రియ మూలంలోనే ఉంది. కాబట్టి ఫలితాల్లోని తేడాకు గడువు ఒక్కటే కారణమని చెప్పడం కుదరదు. క్రియను ఎన్నుకోవడంలోనూ కారణం వెదకాలి.

భారతదేశంలో ఈ తరం యంత్రాల చరిత్ర వేరు. 1984-85లో ప్రారంభమైన 'క్లాస్' పథకం కింద 250 పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు చేరాయి. 1980ల ద్వితీయార్ధంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్పెక్ట్రమ్ ప్లస్‌ను ఇక్కడ విక్రయించింది. ఇక్కడ కంప్యూటర్ ముందుగా పాఠశాల వస్తువుగా పరిచయమైంది. ఇంటి వస్తువు కావడానికి మరికొంతకాలం పట్టింది. నేడు పాత యంత్రాలను అనుకరించే ఎమ్యులేటర్ల ద్వారా ఈ ఆట అందుబాటులో ఉంది గనుక దానిని పాఠ్యంగా తీసుకొని చదవడానికి అవరోధం లేదు.

4. ఆట నిర్మాణం - కథ పద్దుగా మారడం

ఆట మొదలుకాగానే తెరమీద చిత్రగీతం వినిపిస్తుంది. పాట అక్షరాల మీద ఒక బంతి గెంతుతూ ఆటగాణ్ని పాడమంటుంది. స్పేస్‌బార్ నొక్కితే చిత్రం పేరును బిగ్గరగా పలికే కంఠం వినిపిస్తుంది. ఆ తరువాత పేరు అడుగుతుంది. బ్యాంకులో ఖాతా ఉందా అని అడుగుతుంది. లేదంటే 10,000 డాలర్లు పెట్టుబడిగా ఇస్తుంది.

తరువాతి తెరమీద నాలుగు వాహనాలు. చిన్నకారు 2,000 డాలర్లు. 1963నాటి శవవాహనం 4,800. స్టేషన్ వ్యాగన్ 6,000. వేగవంతమైన కారు 15,000. ఆ పిదప పరికరాలు: దయ్యాలబోను 600, దారిలోని దయ్యాలను పీల్చే యంత్రం 500, ఎర 400, శక్తిసూచిక 400, దయ్యాలను స్పష్టంగా చూపే పరికరం 800, మార్ష్‌మెలో మనిషి రాకను తెలిపే సూచిక 800, కారులోనే దయ్యాలను బంధించి ఉంచే లేజర్ బందీఖానా 8,000. ప్రతి వాహనానికీ మోయగలిగిన వస్తువుల సంఖ్యకు హద్దు ఉంది.

ఈ ధరల పట్టికను చిల్లర వివరంగా కొట్టివేయరాదు. ఆట కథనం ఇందులోనే ఉంది. 2,000 డాలర్ల చిన్నకారు తీసుకొని 8,000 డాలర్ల బందీఖానా కొంటే పెట్టుబడి సరిగ్గా అయిపోతుంది. బోను కొనడానికి డబ్బు మిగలదు. దయ్యాలను దాచే చోటు ఉంటుంది గాని పట్టే సాధనం ఉండదు. శవవాహనం కొంటే 5,200 మిగులుతుంది. అందులో మూడు బోనులు, బందీఖానా తప్ప మిగిలిన పరికరాలన్నీ కలిపి 4,700కు వస్తాయి. చేతిలో 500 ఉంటుంది. చిత్రంలోని నాయకులు నడిపేదీ పాత శవవాహనమే. ఆటగాడు చిత్రాన్ని అనుకరించాలని ఆట ఎక్కడా ఆదేశించదు. కాని లెక్క వేసుకొన్నవాడు తనంతట తానుగా చిత్రంలోని నిర్ణయానికే చేరుకోవడానికి ఆస్కారం ఎక్కువ. మూలానికి విధేయత ఇక్కడ దృశ్యం ద్వారా కాక ధర ద్వారా సిద్ధించింది.

ఇక నగరపటం. మధ్యలో జూల్ భవనం. నలుదిక్కుల నుంచి దయ్యాలు దానివైపు జరుగుతుంటాయి. దయ్యం చేరిన భవనం ఎర్రగా మెరుస్తుంది. ఆటగాడు అక్కడికి దారి నిర్ణయించుకొని కారు నడపాలి. భవనం ముందు బోను పెట్టి, ఇద్దరు మనుషులను చెరోవైపు నిలిపి, కిరణాల మధ్య దయ్యాన్ని బోనుమీదికి తోలుకొని రావాలి. పట్టగలిగితే రుసుము జమ అవుతుంది. తప్పితే ఒక మనిషి పనికిరాకుండా పోతాడు. బోనులు నిండితే ప్రధానకార్యాలయానికి తిరిగివెళ్లి ఖాళీ చేయాలి. ఈలోగా నగరపు మానసికశక్తి సూచిక పెరుగుతూ 9,999 వైపు సాగుతుంది. అది నిండేనాటికి తొలి పెట్టుబడికంటే ఎక్కువ సంపాదించి ఉండాలి. లేకపోతే ఆట అక్కడే ముగుస్తుంది. సంపాదిస్తే జూల్ భవనం ముందు గెంతే మార్ష్‌మెలో మనిషి కాళ్లసందున ముగ్గురిలో ఇద్దరిని లోపలికి పంపాలి.

నగరం మునిగిపోతున్నా లాభం చూపనివాడికి దానిని కాపాడే అవకాశం లేదన్నది ఈ నియమం తాత్పర్యం. చిత్రంలో డబ్బు గురించిన మాటలు హాస్యానికి వచ్చాయి. ఆటలో అవి మోక్షద్వారానికి తాళంచెవి అయ్యాయి.

5. పరిమితిని రూపంగా మలచుకోవడం

ఈ ఆట విజయానికి మూలమైన మూడు అంశాలను ప్రత్యేకంగా గుర్తించాలి. మూడూ పరిమితి నుంచి పుట్టినవే.

5.1 ఖాతాసంఖ్య

ఆట గెలిచినవానికి తెరమీద ఒక ఖాతాసంఖ్య కనిపిస్తుంది. దానిని కాగితం మీద రాసుకొని, తరువాతి ఆటలో అదే పేరుతో ఇస్తే మిగిలిన డబ్బు తిరిగి వస్తుంది. యంత్రం ఏదీ గుర్తుంచుకోదు. పేరు, నిల్వ కలిసి ఆ సంఖ్యలో ఇమిడి ఉంటాయి. మొదటిసారి అందని 15,000 డాలర్ల కారు, 8,000 డాలర్ల బందీఖానా రెండవసారికి అందుబాటులోకి వస్తాయి. స్మృతిలేమి అనే యంత్రలోపాన్ని బ్యాంకు పుస్తకం అనే కథాంశంగా మార్చిన నేర్పు ఇది. ద్విపదపాదం నిడివి కథకు గుర్తుంచుకోదగిన నడకను ఇచ్చినట్లే, ఇక్కడ యంత్రం మరపు ఆటకు కొనసాగింపును ఇచ్చింది.

5.2 కిరణాల కలయిక

చిత్రంలో కిరణాలు ఒకదానితో ఒకటి కలవరాదన్న హెచ్చరిక ముందే వినిపిస్తుంది. పతాకసన్నివేశంలో ఆ నిషేధాన్ని ఉల్లంఘించడమే రక్షణమార్గమవుతుంది. నాటకీయవ్యంగ్యానికి ఇది చక్కని ఉదాహరణ. ఆటలోనూ దయ్యాన్ని పట్టేటప్పుడు కిరణాలు కలిస్తే పని చెడుతుంది. పదేపదే ఆడిన చేతికి ఆ భయం అలవాటుగా మారుతుంది. ముగింపులో భవనశిఖరం మీద కిరణాలు కలవడం చూసినప్పుడు ప్రేక్షకునికంటే ఆటగాడు ఎక్కువగా ఉలిక్కిపడతాడు. ప్రేక్షకుడు నిషేధాన్ని విన్నాడు. ఆటగాడు దానిని పాటించాడు. అయితే ఆ చివరిక్షణంలో కిరణాలను కలిపేది ఆటగాడు కాదు, యంత్రమే చూపుతుంది. అన్నింటికంటే విలువైన క్రియను ఆటగాడి చేతినుంచి తీసుకోవడం ఈ అనుసరణలోని ఒక లోపం.

5.3 పాట, కంఠం

స్పెక్ట్రమ్ వంటి యంత్రాల్లోని ధ్వనితో పోలిస్తే కమడోర్ 64లోని మూడుస్వరాల సంగీతం, నిజమైన మనిషి గొంతు ఆనాటి ఇంట్లో ఆశ్చర్యం. పాటను వినిపించడమే కాక పాడమని అడగడంలో వంతపాటను ఆహ్వానించే కథాప్రదర్శన లక్షణం ఉంది. చిత్రకథలోని పాత్రలను ఆట తీసుకురాలేకపోయింది. చిత్రశాలలోని ఉత్సాహాన్ని మాత్రం ఇంటికి తెచ్చింది.

6. పద్దులో చేరని పేరు

ఈ విశ్లేషణలో ఇంతవరకు ఆటలో ఉన్నవాటి పరిశీలన జరిగింది. గడి దక్కనివాటిని కూడా పరిశీలించాలి. చిత్రంలోని డానా అనే స్త్రీపాత్రకు ఆటలో వ్యక్తిత్వం లేదు. ఆమెను ఆవహించే ద్వారపాలకశక్తి పటం మీద కదిలే ఒక గుర్తుగా మిగిలింది. దయ్యాల బందీఖానాను మూయించే పర్యావరణాధికారి లేడు. ప్రభుత్వం ఉన్నట్లు తెలిసేది ఒక్కచోటే. మార్ష్‌మెలో మనిషి భవనాన్ని తొక్కితే 4,000 డాలర్ల జరిమానా, సకాలంలో ఎర వేసి ఆపితే 2,000 డాలర్ల బహుమానం.

వీటన్నింటికంటే గమనించవలసినది విన్‌స్టన్ జెడ్‌మోర్ లేకపోవడం. చిత్రంలో ఎర్నీ హడ్సన్ నటించిన ఈ నల్లజాతి పాత్ర వ్యాపారం పెరిగిన తరువాత జీతానికి చేరిన నాలుగవవాడు. మొదటి ముగ్గురూ పండితులు, యజమానులు. ఇతడు పనివాడు. దయ్యాలను నమ్ముతావా అన్న ప్రశ్నకు, నెలనెలా జీతం వస్తే దేనినైనా నమ్ముతానన్న అర్థంలో అతడిచ్చే సమాధానం చిత్రంలోని వ్యాపారదృష్టిని కిందినుంచి చూపే ఒకేఒక సందర్భం. ఆటలో మనుషులు ముగ్గురే. వారికి పేర్లు లేవు, ముఖాలు లేవు. ఒకడు దయ్యం దెబ్బకు పడిపోతే కార్యాలయానికి వెళ్లి సరిచేసుకోవచ్చు. బోనుకు ధర ఉంది, కారుకు ధర ఉంది, ఎరకు ధర ఉంది. మనిషికి జీతం అన్న పద్దు మాత్రం లేదు.

వస్తువులన్నింటికీ లెక్క ఉండి, పనికి లెక్క లేని ఖాతాపుస్తకం దేవరుప్పుల ప్రాంతపు చరిత్ర తెలిసిన పాఠకునికి అపరిచితం కాదు. దేవరుప్పుల మండలంలోని కడవెండి నాడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి పెత్తనం కింద ఆ గ్రామాల ప్రజలు వెట్టి చేశారు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, గొల్లకుర్మలు తమ తమ పనులను గడీకి ఉచితంగా చేయవలసివచ్చేది. అప్పుగా తీసుకొన్న ధాన్యానికి నాగులెక్క ఉండేది. చేసిన పనికి లెక్క ఉండేది కాదు. ఆంధ్రమహాసభ సంఘాలు మొట్టమొదట ప్రశ్నించిన అన్యాయాల్లో ఇది ఒకటి. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా కదిలిన ప్రజల మీద దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమురయ్య అమరుడయ్యాడు. సాయుధపోరాట చరిత్రలో ఆ మరణం మలుపు.

ఒక వినోదపు ఆటను ఆ చరిత్రతో సమానం చేయడం ఇక్కడి ఉద్దేశం కాదు. దయ్యాలను పట్టే వ్యాపారాన్ని గడీతో పోల్చడం పోలికకూ న్యాయం కాదు, చరిత్రకూ న్యాయం కాదు. పోలిక రూపానికి సంబంధించినది మాత్రమే. ఏ పద్దుపుస్తకమైనా తాను లెక్కించేదానినే వాస్తవంగా చూపుతుంది. లెక్కించనిది సహజంగా, ఉచితంగా దొరికేదిగా కనబడుతుంది. ఈ విషయాన్ని పుస్తకం చదివి కాక, బతికి గ్రహించిన నేల ఇది. అందుచేత ఆట నియమాల్లో మౌనం ఎక్కడుందో గుర్తించే చూపు ఇక్కడి విమర్శకు సహజంగా అబ్బాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. 64 కిలోబైట్లలో, ఆరు వారాల్లో తయారైన ఆటలో నాలుగవ మనిషి కోసం వెదకడం అత్యాశ కాదా అని. నాలుగవ బొమ్మకు, అతని కదలికలకు స్మృతి ఖర్చయ్యే మాట నిజమే. ఆ మేరకు ఆక్షేపణ అంగీకారయోగ్యం. జీతం పద్దుకు మాత్రం అది వర్తించదు. జరిమానాను తీసివేయగల యంత్రం జీతాన్నీ తీసివేయగలదు. రెండూ ఒకే వ్యవకలనం. వదిలివేయడానికి కారణం యంత్రంలో లేదు, ఊహలో ఉంది. వ్యాపారమంటే పెట్టుబడి, పరికరం, ఆదాయం అన్న ఊహ అది. మూలచిత్రం అదే ఊహను హాస్యంతో మోస్తూనే విన్‌స్టన్ ద్వారా దానిలో చిన్న పగులు చూపింది. అనుసరణ ఆ పగులును పూడ్చివేసింది. ధ్వన్యాలోకం ఇచ్చే స్వేచ్ఛను బట్టి కథాంశాన్ని వదలడం దోషం కాదు. వదిలినందువల్ల మూలంలోని వ్యంగ్యం తగ్గిందా అన్నదే పరీక్ష. ఆ పరీక్షలో ఈ ఆట పాక్షికంగానే నిలుస్తుంది.

7. కథను మోసుకొనే క్రియ - తెలుగు సందర్భం

దొడ్డి కొమురయ్య మరణంతో మలుపు తిరిగిన పోరాటం పాటలుగా, బుర్రకథలుగా, నాటకాలుగా మాధ్యమాలు మారుతూ వచ్చింది. కిషన్‌చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతంఘోష్ దర్శకత్వంలో, బి.నరసింగరావు నిర్మాతగా 1979లో 'మాభూమి' చలనచిత్రం రూపొందింది. నవలలో లేని ఊరి గొంతు, పాట, నేల ఆ చిత్రంలో చేరాయి. అంటే మాధ్యమం మారినప్పుడు శ్రమకు సంబంధించిన వివరం తగ్గితీరాలన్న నియమం లేదు, పెరగవచ్చు కూడా. ఘోస్ట్‌బస్టర్స్ ఆటకు ఎదురుగా నిలిపి చూడదగిన ఉదాహరణ ఇది.

తెలుగు చిత్రాలు ఆటలుగా మారడం ఇటీవలి పరిణామం. 2017లో మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ విడుదల చేసిన 'బాహుబలి' మొబైల్ ఆటలో ఆటగాడు మాహిష్మతి కోసం కట్టడాలు నిర్మించి, సైన్యాన్ని పెంచి, కాలకేయులను ఎదుర్కొంటాడు. చిత్రంలోని ప్రధానసంఘర్షణ సింహాసనానికి, ధర్మానికి, ఒక తల్లి ఇచ్చిన మాటకు సంబంధించినది. ఆటకు దొరికిన క్రియలు కట్టడం, కూడబెట్టడం, దాడి చేయడం. వాటిలో శివగామి సందిగ్ధతకు చోటు లేదు, కట్టప్ప విధేయతకు చోటు లేదు. అంతకుముందే ప్రచారంలో ఉన్న కోటలు కట్టే ఆటల చట్రంలోకి మాహిష్మతిని దించినట్లయింది. క్రేన్ కూడా సిద్ధంగా ఉన్న చట్రాన్నే వాడుకొన్నాడు. అయితే అతని చట్రానికి, చిత్రానికి మధ్య వ్యాపారం అనే ఉమ్మడి బిందువు ఉంది. బాహుబలి ఆటలో చట్రానికి, కథకు మధ్య యుద్ధమనే బాహ్యసాదృశ్యం మాత్రమే కనిపిస్తుంది. ముప్పైమూడేళ్ల తేడాలో స్మృతి ఎన్నో రెట్లు పెరిగింది. క్రియను వెదికే శ్రద్ధ ఆ నిష్పత్తిలో పెరగలేదు.

స్మృతిపరిమితి తొలగితే అనుసరణ దానంతట అదే మెరుగుపడుతుందన్న నమ్మకం సరికాదని దీనివల్ల తెలుస్తుంది. రేపు 'మాభూమి'ని ఆటగా మలచాలని ఎవరైనా పూనుకొంటే వారు మొదట తేల్చుకోవలసింది బొమ్మల నాణ్యతను గురించి కాదు. ఆటగాడు కాల్చాలా, దాక్కోవాలా, సంఘం కట్టాలా, వెట్టికి పోనని చెప్పాలా అన్నదే మొదటి ప్రశ్న. వెట్టికి పోనని చెప్పడం క్రియ అయిన ఆటలో కడవెండి కథ బతుకుతుంది. కాల్చడం ఒక్కటే క్రియ అయితే ఊరి పేరు మిగులుతుంది, కథ మిగలదు.

8. ముగింపు

- చలనచిత్రం నుంచి ఆటకు జరిగే అనుసరణలో మూలవిధేయతను సన్నివేశాల సంఖ్యతో కొలవడం కుదరదు. ఆటగాడికి ఏ క్రియ దక్కిందన్నదే ప్రధానప్రమాణం.

- 'ఘోస్ట్‌బస్టర్స్' ఆట చిత్రంలోని వ్యాపారాంశాన్ని గుర్తించి, దానిని ధరలు, హద్దులు, జరిమానాల నియమావళిగా మార్చింది. అదే గడువుకు లోబడిన 'ఈ.టీ.'కి దక్కని పొందిక దీనికి దక్కడానికి ఇది ప్రధానకారణం.

- ఖాతాసంఖ్య వంటి అంశాల్లో యంత్రపరిమితి కావ్యరూపంలోని ఛందోనియమం వలె సృజనకు తోడ్పడింది. పాల్కురికి ద్విపద, చేర్యాల పటం ఈ విషయాన్ని వివరించడానికి సమర్థమైన స్థానికనమూనాలు.

- విన్‌స్టన్ పాత్రను, జీతం పద్దును వదలడంతో మూలచిత్రంలోని వ్యంగ్యం పలచబడింది. వీటిలో రెండవది యంత్రపరిమితి వల్ల జరిగినది కాదు.

- తెలుగు చిత్రాల ఆటలను పరిశీలించేటప్పుడు నియమాల్లోని మౌనాన్ని చదవడం విమర్శకు అవసరం. వెట్టి చరిత్రను ఎరిగిన తెలంగాణ సాహిత్యవిమర్శ ఆ పనికి తగిన అనుభవాన్ని అందించగలదు.

నలభైయేళ్ల కిందటి ఒక చిన్న ఆటకు ఇంత పరిశీలన అవసరమా అన్న సందేహానికి సమాధానం ఆ ఆట తెరమీదనే ఉంది. బోను 600 డాలర్లు, ఎర 400 డాలర్లు. బోను పట్టుకొని వీధిలో నిలబడ్డవాని ఎదుట ఏ అంకే లేదు.